ఓడోళ్ల ఉప్పు

మొన్న మా అమ్మ ఒక పిల్లను కొట్టినంత పని చేసింది. ఆ పిల్ల చేసిన నేరమల్లా ఒక్క మాట అనడం. మా ముత్తాత కొండప్ప కాగితాల కట్టను రెండు చేతులతో పదిలంగా పట్టుకుని, ఎంతో మర్యాదగా, "మామ్మగారూ, వీటిని నీళ్లలో కడగాలండీ" అంది. అంతే, తొంభైకి దగ్గరపడిన మా అమ్మ మంచం కోడుకు ఆనించిన చేతికర్ర అందుకుంది. నేను గబుక్కున మధ్యలోకి దూరకపోతే ఏమయ్యేదో చెప్పలేను. "నీళ్లలో కడుగుతావా? ఏమ్మే, నీకు మతి ఉండాదా లేదా? దానిమీద నీటి చుక్క పడనీకుండా ఇన్నేండ్లు కాపలా కాసినా. ఆడ పెట్టు. పెట్టమంటాండానా, ఆడ పెట్టు!" అని అరిచింది. ఆ అరుపుకు ఎదురింటివాళ్లు కూడా వాకిట్లోకి వచ్చి చూశారు. మా అమ్మకు ఇంకా అంత గొంతు ఉందని ఆ రోజే నాకు తెలిసింది. ఆ గొడవ మధ్యలో కూడా నాకు భలే సంతోషం వేసింది.

ఆ పిల్ల పేరు సుహాస. సముద్రం ఒడ్డున ఒక రేవు పట్టణంలో, పాత ఓడల సామాన్లు, పటాలు, కాగితాలు దాచిపెట్టే ఒక చిన్న ప్రదర్శనశాలలో పనిచేస్తుంది. శిథిలమైన కాగితాలకు వైద్యం చేయడం తన ఉద్యోగమని ఫోనులో చెప్పుకుంది. రేవులో మిగిలిన ఏవో పాత పట్టీల్లో ఒక ఓడ కెప్టెన్‌గా తెలుగువాడి పేరు, ఆ పేరు పక్కన యాడికి అని మా ఊరి పేరు చూసిందట. సముద్రానికి ఇంత దూరాన, ఇంత ఎండిన నేలమీద ఓడ నడిపేవాడు ఎట్లా పుట్టాడా అని ఆశ్చర్యపోయి, వాళ్లనూ వీళ్లనూ వాకబు చేసి, చివరికి అనంతపురంలో ఉండే నన్ను పట్టుకుంది. "ఆయన చేత్తో రాసింది ఒక్క ముక్కైనా మీ దగ్గర ఉందాండీ?" అని అడిగింది. ఒక్క ముక్కా! నాకు నవ్వాగలేదు. "మా ఊళ్లో అమ్మ దగ్గర, సందూక పెట్టెలో, కట్టకు కట్టే ఉంది తల్లీ, వచ్చెయ్" అన్నాను.  అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. మా ముత్తాత కోసం ఎక్కడో ఎవరో ఏడ్చారంటే నాకు ఆ పూటంతా కాళ్లు భూమ్మీద నిలవలేదు. బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, ఊళ్లోవాళ్లందరి కథలూ పుస్తకాల్లో రాసుకున్నదాన్ని, మా ఇంటి కథ మాత్రం ఎవరూ నమ్మరని ఇన్నాళ్లూ పక్కన పెట్టాను.

నమ్మరు మరి. మాకు ఇంటిపేరు వేరే ఉన్నా, ఊళ్లో మమ్మల్ని "ఓడోళ్లు" అనే అంటారు. వంకలో నీళ్లు వస్తే పని వదిలేసి చూడడానికి పరుగెత్తే ఊళ్లో ఓడోళ్ల ఇల్లు! చుట్టాలు గుత్తిలో రైలు దిగి, బస్సెక్కి వచ్చి, "ఓడోళ్ల ఇల్లు యాడప్పా?" అని అడిగితే కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. బళ్లో పిల్లకాయలు నన్ను "మీ ఓడ యాడ కట్టేసినారుమే? ఎద్దుల కొట్టంలోనా?" అని ఏడిపించేవాళ్లు. నేనేం తక్కువ తిన్నానా? "మా ముత్తాత చూసినన్ని నీళ్లు మీ ఏడు తరాలు కలలో గూడా చూసిండవు, పోరా!" అనేదాన్ని. కొండప్ప కరువుకు తాళలేక దూది బండ్ల వెంట నడుచుకుంటూ తూర్పుకు పోయాడట. రేవులో మూటలు మోశాడు, ఓడలో వంటవాడికి గిన్నెలు తోమాడు, తెరచాప కట్టాడు, చుక్కలను చూసి దారి పట్టడం నేర్చుకున్నాడు, ఆఖరికి ఓడనే నడిపాడు. ఆ తర్వాత ఓడలో వాటా కొని, మన పక్క దూదీ, తాడిపత్రి అద్దకం గుడ్డలూ రంగూనుకు తీసుకుపోవడం, అక్కడినుంచి బియ్యం, టేకు తేవడం మొదలుపెట్టాడు. మా మిద్దె దూలాలు ఇప్పటికీ ఆ టేకువే. మన సీమలో ఓడ నడిపిన మొదటి మనిషి ఆయనేనని మా జేజి, అంటే మా నాయన తల్లి, బల్ల గుద్ది చెప్పేది. రెండో మనిషి ఎవరని అడిగితే మాత్రం కసిరేది.

కాగితాల సంగతికి వస్తాను. ఒక తుపానులో ఆయన ఓడ రేవు కనుచూపు మేరలో ఉండగానే మునిగిపోయింది. ఆయన బంగారం, బట్టలు అన్నీ వదిలేసి, ఓడ కాగితాలను మైనపుగుడ్డలో చుట్టి, వీపుకు కట్టుకుని ఈదాడు. మనుషులందరూ గట్టున పడ్డారు గానీ మైనపుగుడ్డ లోపలికి సముద్రం దూరింది. ఆయన ఇసుకలో కూర్చుని ఒక్కొక్క కాగితాన్నీ ఎండకు ఆరబెట్టుకుని, కట్ట కట్టుకుని, యాడికి వచ్చేశాడు. మళ్లీ ఓడ ఎక్కలేదు. ప్రయాణంలో ఏ రోజుకు ఆ రోజు రాసుకున్న రాతలు, సరుకుల చీటీలు, చేత్తో గీసిన తీరం పటం, మా ముత్తవ్వకు రాసి పంపే వీలులేక దాచుకున్న జాబులు, అన్నీ ఆ కట్టలో ఉన్నాయి. కాగితాలైతే ఆరాయి. వాటిలోకి ఇంకిన ఉప్పు మాత్రం పోలేదు. ఎండాకాలంలో కాగితాల అంచుల మీద అది తెల్లగా పిండి మాదిరి పైకి వచ్చేది. గాలిలో చెమ్మ చేరితే చాలు, ఆ పిండి కరిగి, కాగితం మెత్తబడేది. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా, కాగితం మెత్తబడితే వాన దగ్గరికి వచ్చినట్టే. ఇది మొదట కనిపెట్టింది ఓడ ఎక్కిన కొండప్ప కాదు, ఇంట్లో కూర్చున్న మా ముత్తవ్వ. ఆమె తన కోడలికి, అంటే మా జేజికి చెప్పింది. జేజి ఇంకెవరికీ చెప్పలేదు. మా నాయనక్కూడా చెప్పలేదంటే చూసుకోండి.

అందుకే రోహిణి కార్తె చివరి రోజులంటే మా ఇంట్లో పెండ్లి సందడిగా ఉండేది. ఎండకు మిద్దె మీద మట్టి పగుళ్లిచ్చేది, కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చునేవి. ఊరంతా మృగశిర కోసం, విత్తే అదును కోసం ఎదురుచూసేది. సందూక ఉండే లోపలి గదిలోనుంచి జేజి నీళ్ల కుండలన్నీ బయటికి పెట్టించేది. తడిచేత్తో గడప దాటితే వీపు విమానం మోత మోగేది. మేము పిల్లలం చెమట కూడా తుడుచుకుని గడప అవతల కూర్చోవాలి. జేజి చేతులకు పొయ్యిలోని బూడిద మెత్తగా రుద్దుకుని, దులుపుకుని, సందూక తెరిచేది. అప్పుడు వచ్చే వాసన! ఎండిన వేపాకు, వసకొమ్ము, పాత కాగితం, వాటన్నిటి కింద ఏదో నీచు నీచుగా, ఉప్పుఉప్పుగా ఇంకో వాసన. పెద్దయ్యాక నేను మొదటిసారి మద్రాసులో సముద్రం ఒడ్డుకు పోయినప్పుడు, అలలను చూడకముందే గాలి తగిలి, "మా సందూక!" అని గట్టిగా అరిచాను. నా పక్కనున్నవాళ్లు ఏదో పోగొట్టుకున్నానని కంగారుపడ్డారు. జేజి ఆ కట్టను తీసి, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు, చెంపకు ఆనించుకునేది. కళ్లు మూసుకునేది. మేము ఊపిరి బిగబట్టేవాళ్లం. బయట అరుగు మీద రైతులు తలగుడ్డలు విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. "ఇంగా లేదు లేప్పా, పోయి పనులు చూసుకోండి" అంటే లేచిపోయేవాళ్లు. "గొర్రు కట్టండి" అందంటే మాత్రం ఆ వీధిలో కలిగే కదలిక చూసి తీరాలి. గొర్రు అంటే విత్తనం వేసే సాధనం. కొట్టాల్లోంచి గొర్రులు బయటికి వచ్చేవి, ఎద్దుల మెడల్లో గంటలు పడేవి, విత్తనపు శెనక్కాయలు చాటల్లో గలగలమనేవి.

ఒక ఏడాది జేజికి కుడి చెయ్యి బెణికి పసుపు కట్టు కట్టుకుంది. సందూక బరువైన మూత ఆమె ఎత్తలేకపోయింది. "ఏమ్మే కోడలా, రేపు పొద్దన్నే చూడాల. సందూక తీసి సర్ది పెట్టు" అని మా అమ్మతో చెప్పింది. తనకల్లు దగ్గర పల్లెనుంచి కోడలిగా వచ్చి, ఒక బిడ్డను కని పెంచుతున్నా, మా అమ్మను అప్పటిదాకా ఆ సందూక ముట్టుకోనిచ్చింది లేదు. అమ్మ సంబరం ఇంతా అంతా కాదు. ఉతికిన చీర కట్టుకుంది. వాళ్ల పుట్టింట్లో పండగొస్తే దేవుడి పటం మొదలు ధాన్యపు గంప దాకా తడిగుడ్డతో తుడవనిదే ఊరుకోరు. ఇక్కడ కట్ట విప్పి చూస్తే అంచులన్నీ తెల్లగా పిండి పట్టి ఉన్నాయి. "అయ్యో, ఇన్నాళ్లు ఎవరూ దుమ్ము దులపలేదే" అనుకుంది. తడి వద్దన్నది నీళ్లు కారే చేతులకేననుకుని, మెత్తటి పంచె ముక్కను తడిపి, గట్టిగా పిండి, ఒక్కొక్క కాగితం అంచునూ భక్తిగా తుడిచింది. నేను పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను. "చూడు పాపా, ఇప్పుడెంత శుద్ధంగా ఉండాయో" అని నాకు చూపించి మురిసిపోయింది. ఆ తెల్లటి పిండే ఊరి వ్యవసాయమంతా నడిపిస్తున్నదని అమ్మకు చెప్పినవాళ్లు లేరు. ముత్తాత ఆత్మ జేజి చెవిలో వాన కబురు చెబుతుందని అమ్మ నమ్మకం. ఊరి నమ్మకం కూడా అదే.

మరునాడు పొద్దున జేజి కట్టను చెంపకు ఆనించుకుంది. ఉలిక్కిపడింది. ఇంకో చెంపకు ఆనించుకుంది. అంత మెత్తగా, అంత చల్లగా అది ఎన్నడూ తగల్లేదట. బయటికి పోయి ఆకాశం చూసింది, ఎక్కడా మబ్బు లేదు. కానీ కాగితం ఎన్నడూ అబద్ధం చెప్పలేదు కదా. "గొర్రు కట్టండప్పా! పొడిలోనే విత్తుకోండి, పెద్దవాన వస్తాంది!" అని అరుగు మీద నిలబడి చెప్పింది. ఊరు ఊరంతా లేచింది. మా పొలం పక్క పొలం ఓబులప్ప పెదనాయన అయితే అంబలి కూడా తాగకుండా ఎద్దులను తోలుకుపోయాడు. ఏడాది పొడుగునా పిల్లలు అడిగినా పెట్టకుండా మూటగట్టి దాచిన విత్తనాలవి. పొడి నేలలో వేశాక వాన రాకపోతే చీమలపాలు, పురుగుల పాలు. మళ్లీ విత్తడానికి గింజ ఉండదు. జేజి సంతోషం పట్టలేక, ఆ రోజు మాత్రం వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని, "నీకు చెప్పాల్సిన టయిం వచ్చిందిలే. ఆ అంచులమీద తెల్లగా ఉంటాదే, అది సముద్రం ఉప్పు. అది చెమ్మెక్కితే..." అని మొదలుపెట్టింది. అమ్మ చేతిలోని సంగటి కెలికే కట్టె కింద పడింది.

అమ్మ దాచలేదు. ఆ క్షణంలోనే, "అత్తా, నిన్న నేను తడిగుడ్డతో తుడిచినా" అంది. నాకిప్పటికీ జేజి మొహం కళ్లకు కట్టినట్టు ఉంది. తిట్టలేదు, కొట్టలేదు. గబాలున లేచింది. ఊళ్లో ఆడవాళ్లు పెద్ద మగవాళ్ల ముందు చెప్పులేసుకుని నడవని రోజులవి. ఆమెకు చెప్పులే లేవు. మాడిపోయే ఆ ఎండలో, కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, ఉత్తకాళ్లతో చేలకు అడ్డంపడి పరుగుపెట్టింది. అమ్మా నేనూ వెనకాల. "ఓబులప్పా, ఆపు! ఎద్దుల్ని ఆపప్పా!" అని ఆమె కేకలు వేస్తుంటే ఓబులప్ప పెదనాయన బిత్తరపోయి నిలబడ్డాడు. "ఏమాయె పెద్దమ్మా? నువ్వే గదా కట్టమంటివి!" అన్నాడు. "అంటిని. తప్పు చెప్తిని. నా చేతిలో తప్పు జరిగినాది. వాన రాదు. గింజలు ఇంటికి తీసుకపోండి!" అంది. చుట్టుపక్కల చేలల్లోనివాళ్లంతా చేరారు. కొందరు గొణుక్కున్నారు. "ఓడోళ్ల కాగితం మునిగిపాయెనప్పా" అని ఎవరో నవ్వారు కూడా. జేజి ఆ నవ్వు విన్నది. విని, పక్క చేనుకు పోయి అక్కడా అదే మాట చెప్పింది. ఆ పక్క చేనులోనూ చెప్పింది. కోడలి పేరు గానీ, తడిగుడ్డ సంగతి గానీ ఎక్కడా నోటికి రానివ్వలేదు. ఆ ఏడాది వాన ఎంతో ఆలస్యంగా వచ్చింది. ఆమె మాట విని గొర్రు విప్పినవాళ్లకు అప్పుడు విత్తడానికి గింజలున్నాయి.

ఆ సాయంత్రం జేజి కాళ్లు బొబ్బలెక్కి, అమ్మ వాటికి ఆముదం రాస్తూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, జేజి తన నడుముకు దోపుకున్న సందూక బీగం చెవి తీసి అమ్మ ఒళ్లో పడేసింది. "ఇంగ నువ్వే పెట్టుకో" అంది. "నాకా? ఇంత పని చేసినంక నాకా అత్తా?" అని అమ్మ. "తడి తగిలితే ఏమయితాదో ఈ ఊర్లో ఇప్పుడు నీకు తెలిసినంత ఎవరికి తెలుసు? నీకన్నా బాగా ఎవురు కాపాడతారు?" అంది జేజి. నేను చదువుకున్న చదువంతా కలిపినా అంత మంచి మాట ఇంకోటి వినలేదు. ఆ బీగం చెవి ఇప్పటికీ మా అమ్మ మెడలో నల్లదారానికి వేలాడుతోంది.

అటువంటి మనిషితో, నీళ్లలో కడగాలి అంటే ఊరుకుంటుందా! సుహాస పాపం బెదిరిపోయింది గానీ పారిపోలేదు. నేను ఈ కథంతా చెప్పాక కట్ట దగ్గర కూర్చుని, సందూక అడుగున రాలిన కాగితపు పొట్టును తెల్ల కాగితం మీదికి ఎత్తి, భూతద్దం పెట్టి అమ్మను చూడమంది. అమ్మ ముందు మొహం తిప్పుకుంది. తర్వాత ఒంటి కన్నుతో వంగి చూసింది. "మామ్మగారూ, ఉప్పు చెమ్మను పీలుస్తుంది, ఎండకు మళ్లీ గట్టిపడుతుంది. గట్టిపడిన ప్రతిసారీ కాగితంలో పోగులు కొన్ని తెంపుతుందండీ. ఇన్నేళ్లనుంచీ తెంపుతూనే ఉంది" అంది సుహాస. "మామ్మ ఏంది, అవ్వా అనలేవా?" అని కసిరి, అమ్మ మళ్లీ భూతద్దం మీదికి వంగింది. "అంటే ఏమ్మే, మాకు వాన చెప్పినప్పుడంతా దానికి దెబ్బ తగులుతా వచ్చినాదా?" అని అడిగింది. "అవును అవ్వా" అంది ఆ పిల్ల. అమ్మ మధ్యాహ్నం సంగటి ముట్టలేదు. రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి వాసనకు కూడా లేవలేదు. నాకు భయం వేసింది, ఎందుకంటే అమ్మ అన్నం వద్దనడం నేను ఎరగను.

పొద్దు వాలేవేళకు అమ్మ మంచం మీద లేచి కూర్చుని సుహాసను పిలిచింది. "కడిగినంక అది ఇంగ వాన చెప్పదు గదా?" అంది. "చెప్పదవ్వా. కానీ ఉంటుంది. మీ మనవరాళ్ల మనవరాళ్లు కూడా చదువుకోవచ్చు." "కడక్కపోతే?" "ఇంకొన్నేళ్లకు చేత్తో తీస్తే పొడైపోతుంది." అమ్మ మెడలోని బీగం చెవిని అటూ ఇటూ తిప్పింది. "ఆయప్ప తుపానులో ఈదుకుంటా తెచ్చుకున్నాడు. నా చేతిలో పొడి కానిస్తానా? కడుగు. కానీ ఈడనే, నా కండ్ల ముందర కడగాల. కడిగిన నీళ్లు ఒక్క చుక్క పారబోసినావంటే మాత్రం ఈ కర్ర ఇరుగుతాది" అంది. నేను సుహాస చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. 

సుహాస ఇంకోసారి వచ్చినప్పుడు కారు నిండా నీళ్ల క్యాన్లు తెచ్చింది. మామూలు నీళ్లు కావు, ఉప్పూ సున్నమూ ఏమీ లేకుండా శుద్ధి చేసినవట. అమ్మకు ఆ సంగతి చెబితే పడీ పడీ నవ్వింది. "బోరు నీళ్లు నోట్లో పెట్టలేక మేము దుడ్లిచ్చి క్యాన్లు కొనుక్కొని తాగుతాండాం. మా తాతకు అంతకన్నా మంచి నీళ్లతో స్నానమా!" అంది. మా నడింట్లో పెద్ద పళ్లేలు పరిచారు. సుహాస ముందు సిరా మీద ఒక మూల చుక్కనీళ్లు పెట్టి చూసింది. కరగలేదు. అప్పుడు వల లాంటి గుడ్డమీద మొదటి కాగితాన్ని పరిచి, మెల్లగా నీళ్లలోకి దించింది. అమ్మ నా మోచెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.  కాగితం నీళ్లలో మెత్తగా వాలిపోయింది, మరుక్షణం మురికి పసుపు రంగు పొగ మాదిరి బయటికి వచ్చింది. అక్షరాలు! ఇన్నాళ్లూ బూజు కింద పడి ఉన్న అక్షరాలు నల్లగా, నిటారుగా తేటపడ్డాయి. "చదువుమే, చదువు!" అని అమ్మ నన్ను పొడిచింది. నేను మోకాళ్ల మీద వంగి చదివాను. అది ఆయన రోజువారీ రాత. "ఈ దినమూ వానే. నిన్నా వానే. ఇంత వాన ఎవరికీ అక్కర లేకుండా సముద్రంలో పడిపోతున్నది. మా యాడికిలో పడినదో లేదో."  అమ్మ పగలబడి నవ్వుతూ, కళ్లలోంచి నీళ్లు కారుస్తూ, "చూసినావా, ఆడికి పోయినా ఆయప్పకు ఇదే చింత!" అంది. సుహాస ముక్కు చీదుకుంది. ఆ చప్పుడు నేను ఫోనులో విన్నదే.

నాలుగు రోజుల్లో పని అయిపోయింది. కాగితాలన్నీ నీడలో ఆరి, తెల్లటి మెత్తటి కాగితాల మధ్య పడుకుని, మళ్లీ మా సందూకలోకే చేరాయి. ప్రదర్శనశాలకు ఫోటోలు మాత్రం పోయాయి. తీరం పటం ముందర అమ్మను నిలబెట్టి తీసిన ఫోటో కూడా పోయింది. కడిగిన నీళ్లను అమ్మ చెప్పినట్టే ఒక్క చుక్క పారబోయకుండా ఇత్తడి తాంబాళాల్లో పోసి, పలచటి గుడ్డ కప్పి, మిద్దెమీద పెట్టాము. అనంతపురం జిల్లా ఎండ సంగతి మీకు తెలియనిదా! నీళ్లన్నీ ఆవిరైపోయి, తాంబాళాల అంచుల్లో తెల్లటి పొర మిగిలింది. అమ్మను ఇద్దరం పట్టుకుని మెట్లెక్కించాము. ఆమె గోటితో కాస్త గీకి నాలుక మీద వేసుకుంది. మొహం చిట్లించింది. "చేదూ ఉండాది, ఉప్పూ ఉండాది" అంది. నా జీవితంలో నేనెన్నోసార్లు సముద్రం చూశాను. మా అమ్మ ఎన్నడూ చూడలేదు. ఇంకా చూస్తుందన్న ఆశా లేదు. అయినా ఆ రోజు మిద్దె మీద ఆమె సముద్రాన్ని నాకన్నా దగ్గరగా చూసిందనిపించింది. ఆ ఉప్పునంతా గీకి, పాత మైనపుగుడ్డ తునకలో పోసి, పైన పలచగా గుడ్డ కట్టి, టేకు దూలానికి ఉన్న మేకుకు, చేతికి అందేంత కిందికి, వేలాడదీయించింది.

ఇదంతా జరిగి ఎక్కువ రోజులు కాలేదు. ఇప్పుడు మా ఊళ్లో వాన ఎప్పుడొస్తుందో అడగడానికి అరుగు మీద ఎవరూ కూర్చోరు. అరుగే లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. ఓబులప్ప పెదనాయన మనవడు ఓబులేసు, తాత పేరు మీద పెట్టిన పేరే, బోరు వేసి చీనీ చెట్లు, అంటే బత్తాయి తోట, పెట్టాడు. మిగిలిన చేనులో మాత్రం ఇంకా వాన మీదనే శెనక్కాయ వేస్తాడు. అతనికి వాన సంగతి ఫోను చెబుతుంది. మా జేజి కాలంలో వాన తెలుసుకోవాలంటే పదిమంది ఒకచోట చేరి, ఒక మనిషి మొహం చూస్తూ, ఊపిరి బిగబట్టాలి. ఇప్పుడు ఎవరి చేతిలో వాళ్లు చూసుకుంటారు. సుఖమే, కాదనను. ఫోను తప్పు చెబితే ఎవరూ చేలల్లోకి పరుగెత్తుకుంటూ రారు, ఆ ఒక్కటే తేడా.

మృగశిర ప్రవేశించిన మూడో నాడు నేను ఊళ్లోనే ఉన్నాను. తెల్లవారగానే అమ్మ నన్ను కేకేసింది. "చేతులు తుడుచుకోని రా. బూడిద రుద్దుకో" అంది. గ్యాసుపొయ్యి ఇంట్లో బూడిద ఎక్కడినుంచి తేవాలి? దేవుడి దగ్గర ఊదుబత్తి బూడిద రుద్దుకుని వచ్చాను. "చూడు" అంది. నేను ఆ మైనపుగుడ్డ మూటను చెంపకు ఆనించుకున్నాను. మెత్తగా, చల్లగా ఉంది.  "అమ్మా, నీ చేయి తడిగా లేదు గదా?" అని అడిగాను. అమ్మ రెండు చేతులూ చీరకు గట్టిగా తుడిచి, తిప్పి తిప్పి చూపించింది. బీటలు వారిన నేల మాదిరి పొడిగా ఉన్నాయి. అప్పుడే మోటారు సైకిలు మీద పోతున్న ఓబులేసును వాకిట్లోంచి పిలిచింది. "ఓబులేసూ, గొర్రు కట్టప్పా, వాన వస్తాంది!" అంది. అతను నవ్వుతూ ఫోను తీసి చూశాడు. "లేదవ్వా, ఈ వారమంతా ఎండే చూపిస్తాంది" అన్నాడు. "నేను చెప్తాండా గదా. తప్పయితే నేనే నీ చేన్లోకి వచ్చి తప్పని చెప్తా" అంది అమ్మ.

ఓబులేసు నవ్వు ఆపాడు. చేతికర్ర లేనిదే గడప దాటలేని ఆ మనిషిని కాసేపు చూశాడు. వాళ్ల తాత చెప్పగా విన్న సంగతులు అతనికి గుర్తొచ్చి ఉంటాయి. బండి తిప్పుకుని ఇంటివైపు పోయాడు. కాసేపటికి వీధి చివర ట్రాక్టరు చప్పుడు వినిపించింది. అమ్మ నాతో తన చెప్పులు తెప్పించుకుని, వాకిట్లో ఎదురుగా పెట్టించుకుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, చేలవైపు చూస్తూ కూర్చుంది. అన్నానికి పిలిచినా లోపలికి రాలేదు. "చేన్లోకి ఎప్పుడు పోవాల్సి వస్తాదో, ఈడనే పెట్టు" అంది. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆ రోజు అమ్మ ఆ చెప్పుల్లో కాలు పెట్టవలసిన పని పడలేదు. పొద్దు గూకేలోపల అవి వాకిట్లోనే తడిసి ముద్దయ్యాయి.